పదకొండో పెన్ను

నెలలో రెండో గురువారం
ఆలుగడ్డ బావి దగ్గర ఆటో దిగి
రైల్వే క్వార్టర్ల వెనక సందులోకి తిరుగుతాను.
బ్యాగులో ఫారం, నీళ్ళ సీసా, గ్యాస్ మాత్ర.
పైన మెట్రో, పక్కన గూడ్సు,
వాటి సందున ఎక్కడో ఎస్తేరమ్మ కుట్టుమిషను చప్పుడు.
అది ఆగిందంటే నన్ను చూసిందని.

మొదటిసారి ఇల్లంతా ఫినాయిలు వాసన.
పిల్లాడి మంచం మీద కొత్త దుప్పటి,
మూలన ధర చీటీ ఇంకా వేలాడుతోంది,
మూడు వందల నలభై.
దానియేలు వర్క్‌షాపుకి సెలవు పెట్టి
ఇస్త్రీ చొక్కాలో నిలబడ్డాడు,
తనిఖీకి తెచ్చిన పెట్టె పక్కన నిలబడ్డట్టు.
నేనూ అలాగే తిరిగాను మరి:
బాత్రూం గడియ లోపలినుంచి పడుతుందా,
మందులు అందనంత ఎత్తులో ఉన్నాయా,
డాబా పిట్టగోడ ఎన్ని అడుగులు.

ఏడేళ్ళ నర్సింగు తలుపు వెనక ఉన్నాడు,
బడి సంచీ భుజాన వేసుకుని,
బూట్లు తొడుక్కుని.
పోదాం పద అని ఎవరూ అనలేదు వాడితో.
ఫారం పట్టుకున్న మనిషి వస్తే ఇల్లు మారుతుందని
అంతకుముందే మూడు ఇళ్ళు నేర్పాయి.

ఆ రోజే నా పెన్ను పోయింది.

తర్వాతి నెల ఇంకోటి.
ఆ తర్వాత నీలం రంగుది,
బ్యాంకులో తాడు కట్టి ఉంచే రకం,
నాకెలా వచ్చిందో అడగొద్దు.

ఆరో నెలకి ఎస్తేరమ్మ నా కోసం కుర్చీ దులపడం మానేసింది.
సింకులో గిన్నెలు సింకులోనే,
మంచం నిండా జాకెట్టు గుడ్డల పేలికలు.
ఆఫీసులో మా సారు మొహం చిట్లించాడు,
'ఇల్లు సర్ది లేదు' అని రాసి
పక్కన 'ప్రగతి' అంటావేంటమ్మా?
పరాయివాళ్ళొస్తేనే దాస్తారు సారూ, అంట్లు.

వానాకాలంలో ఒకసారి
టీ గ్లాసు నా చేతిలో పెట్టి తనే మొదలుపెట్టింది.
"మొన్న వాని మీద చెయ్యి లేపిన మేడం.
కొట్టలే. లేపిన.
మిషను సూది ఇరగ్గొట్టిండు, గిరాకి పట్టుచీర చినిగింది.
లేపిన చెయ్యి ఎటు వెట్టాల్నో తెల్వక
గోడకు కొట్టిన.
గిది గూడ రాస్కో."
మణికట్టు ఇంకా వాచే ఉంది.

ఫారంలో ఇరవై రెండు గడులు.
పిల్లాడి బరువుకో గడి, టీకాలకో గడి.
పెంచే మనిషి మణికట్టుకి లేదు.
మార్జిన్లో రాద్దామంటే పెన్ను లేదు.
కొబ్బరినూనె వెచ్చబెట్టి రాశాను.
గూడ్సు పోయేదాకా ఇద్దరం మాట్లాడలేదు,
కిటికీ దగ్గర నర్సింగు పైకే లెక్కపెట్టాడు,
యాభై ఎనిమిది పెట్టెలు.

అప్పుడంది, "నువ్వొచ్చేది వాన్ని చూస్తందుకేనా?
నిద్ర వడుతుందా ఎస్తేరూ అని
నన్నెవలన్న అడుగుతరా?"
అడిగాను.
పడటం లేదంది.
దానికి నా దగ్గర మందు లేదు.
లాలాగూడలో ఇలాగే ఇంకొకరి పిల్లని
పెంచుతున్నామె ఉంది, ఆమెకీ పట్టదు.
నంబరు రాసివ్వబోయి, రాయలేక, నోటితో చెప్పాను.
పది అంకెలూ నర్సింగే గుర్తుపెట్టుకున్నాడు.

నిన్న గురువారం పదకొండోసారి.
వాడు డాబా మీద ఉన్నప్పుడు
ఎస్తేరమ్మ బియ్యం డబ్బా అడుగు దాకా చెయ్యి పెట్టి తీసింది,
రబ్బరు బ్యాండు వేసిన పది పెన్నులు.
"ఇచ్చెయ్యమంటవా?"
వద్దన్నాను.
పెన్ను లేకపోతే రాయలేరు, రాయకపోతే పంపలేరు.
ఏడేళ్ళవాడు రాసుకున్న చట్టం.
అందులో లొసుగు నేనెందుకు వెతకాలి?
పదకొండోదాన్ని మర్చిపోయినట్టు
బల్ల మీద పెట్టి నీళ్ళు తాగడానికి లేచాను.
వచ్చేసరికి లేదు.

సంతకానికి ఎస్తేరమ్మ
గుడ్డ మీద గీతలు గీసే చాక్ అందుకుంది.
'బిడ్డ ఈ ఇంట్లోనే కొనసాగవచ్చునా'
అన్నచోట నేనూ దాంతోనే, 'అవును'.
మెట్టుగూడ స్టేషను మెట్లెక్కేసరికి
సగం అవును నా చీరకి అంటింది.

అన్నట్టు, నిన్న వాడి కాళ్ళకి బూట్లు లేవు.
ఒక చెప్పు ఉంది, ఎడమది.

సారు సిరాతో ఇంకో కాపీ అడుగుతాడు.
పెన్ను కొనాలి.
రెండు కొనాలి.